కూలర్ ఆపిన మధ్యాహ్నం

ఒక్క మాటే కదా. పొరపాటు జరిగిందండీ అంటే చాలు. నాలుక మీద ఎంతసేపు నిలుస్తుంది ఆ మాట? చిటికెడు ఉప్పు కరిగినంతసేపు కూడా నిలవదు. అనేసి మింగేస్తే పోతుంది. మింగాక అది ఎక్కడికి పోతుందో రూతుకు తెలుసు. కడుపులోకి పోదు. వెన్నులోకి పోయి కూర్చుంటుంది. ఆ తరువాత మనిషి నిలబడే తీరే మారిపోతుంది, ఎవరో పిలిచినట్టు కాస్త ముందుకు వంగి, ఎవరూ పిలవకపోయినా వంగి...

ఆమె తల ఎత్తింది. ఎదుట బల్ల మీద గాజుపళ్ళెం, అందులో తెల్లటి పొడి. చూడడానికి ఎంతో అందంగా ఉంది. అయినా అది ఓడిపోయిన పొడి.

నిన్న సాయంత్రం మందుల కంపెనీ నుంచి డాక్టర్ జయరాం కారు మిల్లు గేటు దాటి లోపలికి వచ్చింది, రూతు చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్ళింది. ఆ తరువాత ఒక రాత్రి, ఒక పొద్దుటిపూట గడిచాయి. కళ్యాణదుర్గం బయట, నాగేశ్వరయ్య కుటుంబం ఒకప్పుడు శెనగనూనె ఆడించిన ఆ మిల్లులో ఇప్పుడు మందుల కంపెనీలకు ముడిసరుకు తయారవుతుంది. గోడలకు ఇంకా నూనె వాసన పోలేదు. అక్కడి ల్యాబ్‌లో కెమిస్టు రూతు ఒక్కతే. చలికాలంలో ఆమె సాధించిన పని చిన్నది కాదు. మూర్ఛ మందుకు వాడే ఒక సరుకులో అణువులు రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి రెండోదానికి అద్దంలో బింబం, కుడిచెయ్యీ ఎడమచెయ్యీ లాగా. కుడిది జబ్బును ఆపుతుంది. ఎడమది ఉత్త మగతే. రెంటి బరువూ ఒకటే, కరిగే తీరూ ఒకటే, కాబట్టి ఏ జల్లెడకూ చిక్కవు. పెద్ద కంపెనీలు ఖరీదైన యంత్రాల గొట్టాల గుండా పంపి వాటిని వేరు చేస్తాయి. లేదంటే చింతపండు పులుపులో ఉండే ఆమ్లం లాంటిది, తానూ కుడో ఎడమో ఏదో ఒకటే అయినది, తెచ్చి జతచేసి, ఆ జంటల్లో ఒకటి ముందు గడ్డకట్టేలా చేస్తాయి. రూతు ఇవేవీ లేకుండా చేసింది. సరుకును ఆల్కహాల్లో కరిగించి, వెడల్పాటి పళ్ళెంలో పోసి, భూతద్దం కింద తాను ఏరి పెట్టుకున్న కుడిచేతి స్ఫటికాన్ని విత్తనంగా వేసి, మెల్లగా కలుపుతూ ఆరబెట్టింది. కుడివి మాత్రమే స్ఫటికాలై దిగాయి.

ఆ సరుకు కొనే కంపెనీ వాళ్ళు విశాఖపట్నంలోని తమ ల్యాబ్‌లో అదే పని అదే విధంగా చేసి చూశారు. రాలేదు. మళ్ళీ చేశారు. రాలేదు. అందుకే జయరాం వచ్చాడు. ఈ పొద్దున ఆయన కళ్ళెదుటే రూతు చేసి చూపించింది. ఇక్కడా రాలేదు.

"చూడమ్మా," అన్నాడాయన అప్పుడు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. గొంతులో కోపం లేదు. "శుద్ధమైన కుడి సరుకు బజారులో దొరుకుతుంది. విత్తనం పేరుతో అది కాస్త ఎక్కువ పడి ఉంటుంది. చిన్నపిల్లవి, ఫలితం రావాలన్న ఆత్రం. మోసం అనే మాట నేను వాడను. సాయంత్రం నేను వెళ్ళేలోగా మా డైరెక్టర్ గారికి ఫోన్ చేసి, పొరపాటు జరిగిందని నువ్వే చెప్పు. నీ ఉద్యోగానికి ఏమీ కాకుండా నేను చూసుకుంటాను."

ఆ దయే ఆమెను కోసింది. తిట్టి ఉంటే ఎదురు తిరిగేది. ఎదుటివాడు మెత్తగా మాట్లాడితే మనిషి తనలోకి తాను దిగి వెతుక్కోవడం మొదలుపెడుతుంది. నిజంగానే కలిపానా? బీరువాలో కొనుక్కొచ్చిన శుద్ధ సరుకు సీసా ఒకటి ఉంది, పోల్చి చూసుకోవడానికి తెచ్చింది. ఏదో ఒక రోజు అలసటలో చెయ్యి అటు పోయిందా? చెయ్యని నేరానికి సాక్ష్యం తన మనసే తయారు చేసి పెడుతోందని ఆమెకు తెలుస్తూనే ఉంది. తెలిసినా ఆపలేకపోయింది. భూతద్దం కింద గంటల తరబడి స్ఫటికాలు ఏరిన ఆ రోజులు కూడా ఇప్పుడు ఎవరో చెబితే విన్నట్టు పలచబడిపోయాయి.

ఒకసారి ఆమె అలాంటి మాట అనేసి మింగింది, పదో తరగతిలో. హాస్టల్లో ఉండి చదువుకునేది. రసాయన శాస్త్రంలో నూటికి నూరు వచ్చాయి. కూలి చేసుకునేవాళ్ళ పిల్లకు నూరెట్లా వస్తాయని వార్డెన్ అనుమానం. కాపీ కొట్టానని ఒప్పుకుంటే విషయం ఇక్కడితో ముగుస్తుంది అన్నాడు. బయట నాయన యేసన్న తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాయన అట్లా నిలబడి ఉండడం చూడలేక, త్వరగా అయిపోవాలని, ఆమె ఒప్పుకుంది. బస్సులో యేసన్న ఒకే ఒక్క మాట అడిగాడు. "చేయనిదానికి ఎందుకు ఒప్పుకొంటివి పాపా?"

తలుపు తోసుకుని మిల్లు యజమాని నాగేశ్వరయ్య వచ్చాడు. వెనకే జయరాం. మజ్జిగ గ్లాసులు బల్ల మీద పెట్టిస్తూ నాగేశ్వరయ్య మూలనున్న కూలర్ వైపు గర్వంగా చూశాడు. ఇంటికొచ్చిన చుట్టానికి పరుపు వేసినవాడిలా ఉన్నాడు.

"ఎట్లుండాది సార్ చల్లగాలి? మీరొస్తారని మొన్ననే అనంతపురం నుంచి తెప్పిస్తి. రూతుకైతే ఏం, ఈ ఎండలోనే పుట్టి పెరిగె. మీరు సముద్రం పక్కనోళ్ళు, ఉడికిపోతారని భయం. దానికి పోసేది ట్యాంకరు నీళ్ళు సార్. మా ఇంట్లోవాళ్ళు స్నానానికి కూడా కొలిచి పోసుకుంటాండారు, దీనికి మాత్రం ఎక్కడా తక్కువ చేయలేదు."

జయరాం నవ్వాడు. "అంత శ్రమ ఎందుకండీ! కానీ హాయిగా ఉంది. మా వైజాగ్‌లో ఈ కూలర్లు పనికిరావు. అక్కడ గాలిలోనే బోలెడు తడి, ఇది పెడితే ఒళ్ళు జిడ్డెక్కడమే. ఇక్కడ మాత్రం, కళ్ళు మూసుకుంటే అచ్చం మా ల్యాబ్‌లో కూర్చున్నట్టే ఉంది."

రూతు మజ్జిగ గ్లాసు అందుకోబోతూ ఆగింది.

అచ్చం మా ల్యాబ్‌లో కూర్చున్నట్టే.

ఆమె నాలుకతో పెదవులు తడిమి చూసుకుంది. పొద్దుటి నుంచి పెదవులు చిట్లలేదు. ఈ ఎండాకాలంలో చిట్లకుండా ఉన్న పూట ఇదే. బల్ల మీది వడపోత కాగితం ఒకటి తీసి నలిపింది. ఎప్పుడూ ఎండుటాకులా చప్పుడు చేసే కాగితం గుడ్డలా మెత్తగా ముడుచుకుంది.

ఆమె లేచి మూలకు నడిచి కూలర్ స్విచ్ కట్టేసింది. అది చాలదన్నట్టు ప్లగ్గు కూడా పీకేసింది.

"రూతమ్మా!" నాగేశ్వరయ్య గ్లాసు పట్టుకునే లేచాడు. "ఏం పని అది? సార్ కూర్చోనుంటే!"

"మన మర్యాదే మన్ని ముంచె అయ్యా."

"మర్యాద ముంచేదేంది?"

"సార్," ఆమె జయరాం వైపు తిరిగింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "గాలిలో తడి ఉంటే ఆల్కహాల్ దాన్ని పీల్చుకుంటాది. ఆ నీళ్ళు స్ఫటికంలో చేరతాయి. నీళ్ళు చేరితే కుడిదీ ఎడమదీ జంటగా ఒకే స్ఫటికంలో కాపురం పెడతాయి, ఇంక విడదీయలేం. నీళ్ళు లేకపోతే దేనిల్లు దానిదే. చలికాలంలో నేను చేసినప్పుడు ఈడ చుక్క తడి లేదు. మీ దగ్గర ఎప్పుడూ తడే. ఈ పొద్దున ఈ గదిలో కూడా తడే. మనమే ట్యాంకరు పెట్టి పోసినాం."

జయరాం తెలివితక్కువవాడు కాదు. అది ఆయన ముఖంలోనే కనబడింది, లెక్క సరిపోతుంటే ఇష్టం లేకపోయినా కళ్ళు దాని వెంట పోవడం.

"ఊహ బాగుంది," అన్నాడు చివరికి. "అయితే చేసి చూపించు. కానీ ఈసారి విత్తనం వెయ్యకూడదు. నీ చేతి స్ఫటికం ఒక్కటి కూడా పళ్ళెంలో పడకూడదు. అప్పుడు వస్తే నమ్ముతాను."

"సరే సార్," అంది రూతు, ఆయన మాట ఇంకా పూర్తి కాకముందే.

కిటికీలు బార్లా తెరిచింది. దుమ్ము పడకుండా వాటికి పలచటి గుడ్డ కట్టింది. బయట గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. కొలిమి నోరు తెరిచినట్టు వేడిగాలి లోపలికొచ్చింది. నాగేశ్వరయ్య కండువాతో జయరాంకు విసరబోయి, ఆయన వద్దంటే తనకే విసురుకున్నాడు. జయరాం దగ్గరుండి బీరువాకు తాళం వేయించి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. రూతు చేతులు కడిగించాడు. కొత్త పళ్ళెం, కొత్త గాజుకడ్డీ తీయించాడు. ఆమె ద్రావణం పోసి కలపడం మొదలుపెట్టింది.

చెయ్యి మెల్లగా తిరుగుతుంటే మనసు వేరే దారి పట్టింది. సరే అని ఎందుకన్నాను? విత్తనం వేస్తే కుడిదే వస్తుంది, ఎందుకంటే పిలిచింది కుడిదాన్ని. వెయ్యకపోతే ఏది ముందు పుడుతుందో ఎవరికి తెలుసు? కలుపుతూ ఉంటే మొదట పుట్టిన స్ఫటికం కడ్డీ తగిలి చిట్లుతుంది, ఆ ముక్కలన్నీ దాని సంతానమే, పళ్ళెమంతా దానిదే రాజ్యం. ఆ మొదటిది ఎడమది అయితే? కంపెనీకి కావలసింది కుడిది. ఎడమది వస్తే ఆయన ముఖం మీద మళ్ళీ ఆ దయ వస్తుంది. గర్వంతో అన్నాను సరే అని. అణువుల మీద నమ్మకంతో అన్నాననుకున్నాను, కాదు, ఆయన నాలుక కింద ఉన్న అనుమానాన్ని బయటికి లాగాలని అన్నాను.

అయినా ఆ గర్వం ఆమెకు చేదుగా లేదు. చాలా కాలం తరువాత కలిసిన దగ్గరి మనిషిలా ఉంది. ఇంతకాలం ఎక్కడున్నావు అని అడగాలనిపించింది.

ఫోన్ మోగింది. ఎడమచేత్తో ఎత్తి చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. కుడిచెయ్యి కలపడం ఆపలేదు.

"పాపా, తింటివా?" యేసన్న గొంతు. వెనకాల మనుషుల కేకలు, ఉపాధి పని దగ్గర ఉన్నట్టున్నాడు.

"ఇంకా లేదు నాయనా. పని ఉండాది."

"ఏం పని? ఆ చెప్పుల పనేనా?"

ఆమెకు నవ్వొచ్చింది. అణువుల సంగతి నాయనకు ఒకసారి చెప్పుల జతతో వివరించింది. కుడికాలి చెప్పు ఎడమకాలికి తొడిగితే ఏమవుతుంది, అట్లాగే మందూ అని. అప్పటి నుంచి కూతురిది చెప్పుల పనే ఆయనకు.

"ఆ, అదే."

"ఈపొద్దు ఏ కాలిది వస్తాదంట?"

"తెలీదు నాయనా. అదే భయంగా ఉండాది."

"ఎవరన్నా ఏమన్నా అనినారా?"

"లేదులే."

"అంటే చెప్పు. ఈడ పారలు చానా ఉండాయి, మనుషులూ ఉండారు," అన్నాడు, గట్టిగా నవ్వుతూ. నవ్వు ఆగాక మళ్ళీ అన్నాడు, "ఏదొచ్చినా నువ్వు చేసిందే గదా పాపా. నాది అని చెప్పుకో. ఉంటా, మేస్త్రీ చూస్తాండాడు."

ఫోన్ పక్కన పెట్టి చూసేసరికి పళ్ళెం మధ్యలో ఒక మెరుపు. కంటిలో నలుసు పడిందేమో అనుకుంది. కాదు. ఇంకొకటి. వాటి వెంట ఇంకొన్ని. చూస్తుండగానే, తొలివానకు మొలకలెత్తిన చేనులా, పళ్ళెం అడుగంతా మెరిసింది. పొద్దుటి పొడి మెత్తగా, పిండిలా దిగింది. ఇవి అంచులున్నవి. కడ్డీకి తగిలి గలగలమన్నాయి.

"అయ్యా, చూస్తిరా!" అంది, తనకు తెలియకుండానే.

నాగేశ్వరయ్య వంగి చూశాడు. "కలకండ మాదిరి ఉండాదే!"

ఎక్కువసేపు ఉంచితే రెండోరకం కూడా దిగుతుంది. ఆమె చప్పున వడగట్టి, స్ఫటికాలను కడిగి, ఆ వేడిగాలికే ఆరబెట్టింది. కిందకు దిగిన ద్రావణాన్ని ఫ్లాస్కులో మూతపెట్టి ఉంచింది. స్ఫటికాలను కొద్దిగా కరిగించి పొడుగాటి గాజుగొట్టంలో నింపి, వెలుగును తిప్పి చూసే పరికరంలో పెట్టింది. కుడి అణువులు తమ గుండా పోయే వెలుగును కుడికి తిప్పుతాయి. ఎడమవి ఎడమకు. రెండూ సమంగా ఉంటే వెలుగు ఎటూ తిరగదు. పొద్దున తిరగలేదు.

ఎప్పుడూ ముందు తానే చూసుకునేది. ఒంటరిగా, తలుపు వేసుకుని. ఈసారి పక్కకు జరిగి నిలబడింది.

"మీరే చూడండి సార్."

జయరాం కళ్ళద్దాలు తీసి కన్ను ఆనించాడు. చక్రం తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. వెనక్కి తెచ్చి మళ్ళీ తిప్పాడు. నాగేశ్వరయ్య కండువా విసరడం మరిచిపోయాడు.

"మైనస్," అన్నాడు జయరాం.

"మైనస్ అంటే నష్టమా సార్?"

"ఎడమకు తిరిగిందండీ. తిరగడం మాత్రం పూర్తిగా తిరిగింది. శుద్ధమైనది ఎంత తిప్పాలో అంతా తిప్పింది. కానీ ఎడమది." ఆయన రూతు వైపు చూశాడు. ఆ చూపులో దయ తొంగి చూసింది. "మాకు కావలసింది కుడిది కదమ్మా."

భయపడిందే జరిగింది. అయినా లోపల ఎక్కడో, ఏదో నిటారుగా లేచి నిలబడింది. అది మెల్లగా లేచింది, తొందరేమీ లేనట్టు. ఆమె దాన్ని లేవనిచ్చింది.

"సార్, ఒకటి అడుగుతా."

"అడుగు."

"కుడిది బజారులో కొని కలిపినానంటిరి. సరే. ఈ ఎడమది నేను యాడ కొన్నానో చెప్పండి."

జయరాం కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. "ఎడమది ఎవరూ అమ్మరు," అన్నాడు నెమ్మదిగా, తనతో తాను చెప్పుకుంటున్నట్టు. "ఎవరికీ అక్కర్లేదు కనుక కుడిది తీశాక మిగిలింది పారబోస్తారు, శుద్ధి చేసి దాచినవాళ్ళు లేరు. మా దగ్గర కూడా చిటికెడు లేదు. నేను చూడడం ఇదే మొదలు."

"కుడిది కూడా యాడికీ పోలేదు సార్. ఎడమది దిగిపోయింది కాబట్టి ఆ ఫ్లాస్కులో ఇప్పుడు కుడిదే ఎక్కువ. దానికి కుడి విత్తనం వేస్తే అది దిగుతాది. మీకు కావలసింది ఈ గదిలోనే ఉండాది. ఒకటడిగితే రెండొచ్చినాయి."

ఆయన కిటికీ దగ్గరకు వెళ్ళి గుడ్డ పక్కకు తీసి బయటికి చూశాడు. ఎర్రటి బీడు, దాని మీద తెల్లటి ఎండ. "మా దగ్గర ఇలాంటి గాలి కావాలంటే గది మొత్తం మూసి, యంత్రాలు పెట్టి తయారు చేసుకోవాలి," అన్నాడు. "మీకు ఊరికే వస్తోంది."

"ఊరికే రాలేదు సార్," అంది రూతు. ఆ మాట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. ఎండిన చేన్లు, పగిలిన మడమలు, బెంగళూరు బస్సు ఎక్కిన సగం ఊరు, అన్నీ ఆ మాట వెనక వచ్చి నిలబడ్డాయి. వానలు రాని సంవత్సరాలన్నీ కలిసి తన పళ్ళెంలోకి ఇంత మెరుపు పంపాయి. ఎవరూ కోరుకోని ఈ గాలి, ఇంతకాలం అందరూ తిట్టుకున్న గాలి, ఇవాళ సముద్రం చేయలేనిది చేసింది. ఆమెకు నవ్వాలనిపించింది, నవ్వితే ఏడుపొస్తుందేమో అనిపించింది, రెండూ చేయకుండా తల ఎత్తుకుని నిలబడింది.

నాగేశ్వరయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయనలోని వ్యాపారి మేలుకున్నాడు. "అయితే సార్, ఇంగ మా గాలికి కూడా రేటు కట్టచ్చునంటారా?"

జయరాం నవ్వాడు. కానీ ఆయన మొహం ఇంకేదో పనిలో ఉంది. ఒక మాట నోటిదాకా వచ్చి ఆగినట్టు ఆయన పెదవులు కదిలి మూసుకున్నాయి. అది ఏ మాటో రూతుకు తెలుసు. పొద్దుటి నుంచి అదే మాట తన నాలుక మీదా ఉంది కాబట్టి, దాని బరువు తెలుసు. ఆయన దాన్ని చెప్పలేదు. ఆమె దానికోసం ఎదురుచూడలేదు.

"పరీక్ష బాగా జరిగింది," అన్నాడాయన. "డైరెక్టర్ గారికి నేనే ఫోన్ చేస్తాను. ఎల్లుండి మీటింగ్ ఉంది, పెద్దవాళ్ళంతా వస్తారు. దీన్ని ఎలా వివరించాలో నేను చూసుకుంటాను. తడి సంగతి, గాలి సంగతి, అన్నీ సరైన భాషలో చెప్పాలి కదా. నువ్వేం కంగారు పడకు."

బయట డ్రైవరు కారు స్టార్ట్ చేశాడు. రూతు ఆరిన స్ఫటికాలను చిన్న గాజుసీసాలోకి ఎత్తి మూత బిగించింది. వెలుగుకు పెట్టి చూస్తే ఒక్కొక్కటీ ఒక పక్కకు చిన్నగా ఒరిగి ఉంది. అన్నీ ఒకే పక్కకు. ప్రపంచంలో ఇంకెక్కడా లేనిది ఆమె రెండు వేళ్ళ మధ్య ఉంది.

జయరాం చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వమ్మా. జాగ్రత్తగా తీసుకెళ్తాను."

"ఇయ్యి రూతమ్మా, సార్‌కు టైమయితాండాది," అన్నాడు నాగేశ్వరయ్య.

ఆ అరచెయ్యి తెల్లగా, శుభ్రంగా, ఏ అనుమానమూ లేకుండా గాలిలో నిలిచి ఉంది. అడిగినవాళ్ళ చేతిలో పెట్టేయడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే. వేళ్ళు వాటంతట అవే ముందుకు కదిలాయి కూడా. సీసా ఆ అరచేతికి తగలబోయింది.

రూతు చెయ్యి వెనక్కి తీసుకుంది. సీసాను తన తెల్లకోటు జేబులో వేసుకుని, జేబుకు బొత్తాం పెట్టుకుంది.

"నేనూ వస్తా సార్," అంది.